ముత్తాత పేరు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "నువ్వొక పదిహేను నిమిషాలు మాట్లాడాలి" అన్నప్పుడు, బ్రిడ్జిల గురించి అడుగుతారనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా నా పని అదే. ఆయన మాత్రం "అదొద్దు, నువ్వు తార్నాక ఆర్కైవ్స్ చుట్టూ తిరుగుతున్నావట కదా, అది చెప్పు" అన్నారు. సరే అన్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను, ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదివే ఇంజనీరును. తప్పులుంటే ఇక్కడున్న సోషల్ సార్లు దిద్దండి.

సోషల్ సార్ అంటే గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో మా సార్ ఒకరోజు ఇంటిపని ఇచ్చారు. మీ నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు, మీ సొంత ఊరు రాసుకు రమ్మన్నారు. మరునాడు అందరూ చదివారు. ఒకడిది సూర్యాపేట పక్కన, ఒకడిది తెనాలి, ఒకామెది నిజామాబాద్. నా వంతు వచ్చింది. నాన్న పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. ముత్తాత దగ్గర ఆగిపోయాను. సొంత ఊరు దగ్గర "ఆర్ట్స్ కాలేజీ" అని చదివాను. క్లాసంతా ఒకటే నవ్వు. నవ్విన వాళ్ళలో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. ఏం ఫరవాలేదు, ఆ తర్వాత వాళ్ళు నాకు చాలాసార్లు ఇరానీ చాయ్ తాగించారు. సార్ మాత్రం నవ్వలేదు. "ఎందుకురా అట్లా రాసినవ్?" అని అడిగారు. "మా తాత, వాళ్ళ నాయిన ఆర్ట్స్ కాలేజీకి రాయి కొట్టిన్రు సార్. మా ఇంట్ల అదే మా ఊరని చెప్తరు" అన్నాను.

నేను వడ్డెర బస్తీ వాణ్ణి. కాగితాల్లో మాణికేశ్వరి నగర్. క్యాంపస్‌ను ఆనుకునే ఉంటుంది. యూనివర్సిటీ కట్టడానికి వచ్చిన రాతి పనివాళ్ళు గుడిసెలు వేసుకుంటే బస్తీ అయిందని మా పెద్దవాళ్ళంతా చెప్పేవారు. ప్రతి ఇంట్లోనూ ఆ మాటే. మా తాత సాయంత్రాలు మమ్మల్ని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా తీసుకొచ్చేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. మెట్ల కిందే కూర్చుని, సుత్తె పట్టినట్టు చెయ్యి మడిచి, వేళ్ళ గెణుపులతో రాయిని తట్టేవాడు. "విను, కంచు లెక్క మోగుతున్నదా? మంచి రాయి. బొద్దుగ పలికిందంటే లోపల పర్రె ఉన్నట్టు." తర్వాత ఇంజనీరింగ్‌లో ఇదే పరీక్షను ఇంగ్లీషు పేరుతో మళ్ళీ నేర్చుకున్నాను. కాంక్రీటు మీద సుత్తెతో తట్టి చప్పుడు వినడం. నా వైవాలో దానికి మంచి మార్కులే పడ్డాయి.

మా తాత తన తండ్రిని "మా నాయిన" అనేవాడే తప్ప పేరెత్తేవాడు కాదు. మా అమ్మ, నానమ్మ అసలే ఎత్తరు. మామల పేర్లు, మొగుళ్ళ పేర్లు తీయకూడదన్న పట్టింపు మా ఇళ్ళలో అంత గట్టిగా ఉండేది. గౌరవంతో పలకకుండా దాచిన పేరు చివరికి ఎవరికీ తెలియకుండా పోతుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మా నాయిన పోయిన ఏడాది పెత్రమాసకు అయ్యగారు వచ్చారు. పీట వేశాం, బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టాం. తండ్రి పేరు అడిగారు, చెప్పాను. తాత పేరు అడిగారు, చెప్పాను. ముత్తాత పేరు అడిగారు. ఎనిమిదో తరగతి క్లాసు మళ్ళీ కళ్ళ ముందు నిలిచింది. అమ్మ వైపు చూశాను. "నాకేం తెల్సు బిడ్డా, నేను కాపురానికొచ్చేటాల్లకే ఆయన లేడు" అంది. అయ్యగారు మంచివారు. "తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. పేరు తెలియకపోతే ఆ రూపం తలచుకుని ఇచ్చెయ్యి నాయనా" అన్నారు. ఇచ్చేశాను. కానీ సూర్యుడికి ఇచ్చినట్టయింది, మా ముత్తాతకు ఇచ్చినట్టు కాలేదు. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళు.

ఆ వారమే మొదలుపెట్టాను. మొదట వెళ్ళింది తార్నాక. స్టేట్ ఆర్కైవ్స్ అక్కడే ఉందని మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు. చిన్నప్పుడు ఆ దారిన వెయ్యిసార్లు నడిచి ఉంటాను, ఏదో సర్కారీ దఫ్తరు అనుకున్నాను. లోపల మొఘలుల కాలం నుంచి నిజాం కాలం దాకా కోట్ల కొద్దీ కాగితాలు ఉన్నాయి. పాతవి ఫారసీలో, ఆ తర్వాతవి ఎక్కువగా ఉర్దూలో. దరఖాస్తు రాసి, ఏం వెతుకుతున్నామో చెప్పి, అనుమతి తీసుకుని కూర్చోవాలి.

నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మన బ్యాచ్ దోస్తు ఒకడి తండ్రి, ఉస్మానియాలో ఉర్దూ మీడియంలో చదివినాయన, ఎనభై దాటినా నాకు మూడు నెలలు అక్షరాలు నేర్పించారు. తప్పు చదివితే "ఇంజనీర్ సాబ్, నుక్తా కింద పడింది, బ్రిడ్జి కూడా ఇట్లాగే కడతారా?" అనేవారు. మన యూనివర్సిటీ మొదలైందే ఉర్దూ మాధ్యమంగా అని మీకు తెలుసు. 1918లో పెట్టినప్పుడు ఇంగ్లీషులో కాకుండా ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పడం పెద్ద సాహసం. మొదట్లో క్లాసులు గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్ళలో నడిచాయి.

ఆర్ట్స్ కాలేజీ కథ పుస్తకాల్లో బాగానే ఉంది. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని యూనివర్సిటీలు చూసి రమ్మని దేశదేశాలకు పంపారు. బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. 1934లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పునాది రాయి వేశారు, 1939 డిసెంబరులో ప్రారంభించారు. అజంతా, ఎల్లోరాలను గుర్తుచేసే స్తంభాలు, వాటి మీద ఇస్లామీ కమానులు, మొత్తం మన గులాబీ రంగు గ్రానైటు. ఇందులో ప్రతి పెద్దమనిషికీ పేరుంది. రాయి కొట్టినవాడికి మాత్రం లేదు. నేను చూడగలిగిన కాగితాల్లో రాయి ఉంది, సిమెంటు ఉంది, రూపాయలు ఉన్నాయి, గుత్తేదారులు ఉన్నారు. కూలీలు అంకెలుగానే కనిపించారు. రోజుకు ఇంతమంది అంటే ఇంతమంది, అంతే. ఆ అంకెలో మా ముత్తాత ఒకటి అయి ఉంటాడు, కాకపోయీ ఉండొచ్చు.

ఇక్కడ కొంచెం ఆగి, మీలో ఊరూ భూమీ ఉన్నవాళ్ళకు పనికొచ్చేది చెబుతాను. కమిటీ వాళ్ళు ఇది తప్పక చెప్పమన్నారు.

మీ తాతముత్తాతలు నిజాం రాజ్యంలో ఎకరం పొలం దున్నినా వాళ్ళ పేరు ఎక్కడో ఒకచోట ఉంటుంది. 1954–55 ఖాస్రా పహాణీతో మొదలుపెట్టండి. ఊరు, సర్వే నంబరు తెలిస్తే చాలు. అక్కడి నుంచి వెనక్కి సేత్వార్‌కు వెళ్ళండి, అది మొదటి సర్వే బందోబస్తు నాటి రిజిస్టరు. పాతవాటిలో పేరు పక్కన "వల్ద్" అని ఉంటుంది. అంటే ఫలానావాడి కొడుకు అని. ఆ ఒక్క చిన్న మాటలో మీకు రెండు తరాలు దొరుకుతాయి. "జౌజే" అని ఉంటే ఫలానావాడి భార్య. చాలాచోట్ల ఆమె పేరు ఉండదు, ఫలానావాడి జౌజే అంటే సరిపోయేది. సంవత్సరాలు ఫస్లీలో ఉంటాయి. మన హైదరాబాద్ ఫస్లీకి 590 కలపండి. ఏడాది అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి, జనవరి దాటితే 591. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. పోలీసు చర్య ఆ ఏడాది చివర్లో పడుతుంది. నేను మొదట్లో అన్నింటికీ 590 కలిపి, రెండు వారాలు తప్పుడు ఏడాది వెతికాను.

భూమి లేనివాళ్ళ సంగతి వేరు. మాకు పహాణీ లేదు, సేత్వార్ లేదు. మా వాళ్ళు రాయి ఎక్కడుంటే అక్కడికి, చెరువు ఎక్కడ తవ్వితే అక్కడికి గాడిదల మీద సామాను వేసుకుని వెళ్ళినవాళ్ళు. కొన్ని కులాలకు వాళ్ళ వంశం పాడే ఆశ్రిత కులాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, పటం విప్పి పురాణం చెబుతారు, గోత్రాలు ఏకరువు పెడతారు. మీ ఇళ్ళకు ఇప్పటికీ వస్తుంటే ఈసారి ఫోన్లో రికార్డు చేసుకోండి, కట్నం కూడా కొంచెం ఎక్కువే ఇవ్వండి. మాకు అలా ఎవరూ వచ్చిన గుర్తు మా అమ్మకు లేదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి "ఉమ్మి ట్యూబులో పెట్టి పంపు నాన్నా, డీఎన్ఏ చూసి చెప్పేస్తారు" అన్నాడు. నాకు కావాల్సింది పేరురా, రక్తం కాదు అన్నాను.

అదే రోజుల్లో ఉద్యోగం పని మీద ఒక సదస్సుకు వెళితే, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు పరిచయమయ్యాడు. డర్బన్ వాడు. ఇంటిపేరు తెలుగు, నోట తెలుగు రెండు మూడు మాటలే. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా మనవాళ్ళు చెరకు తోటల ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. ఆ ఓడల జాబితాలు ఉన్నాయి. అతను ఫోన్లో చూపించాడు. వాళ్ళ ముత్తవ్వ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు. విశాఖపట్నం జిల్లా పల్లె. ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాశారు. మారిషస్‌లోనూ ఇలాంటి రిజిస్టర్లే ఉన్నాయి, అక్కడ కొందరి ఫొటోలు కూడా.

అతనికి సంతోషం, నాకేమో అసూయ. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగా అసూయే. తర్వాత రాత్రి పడుకుని ఆలోచిస్తే అర్థమైంది. ఆ మచ్చ రాసింది ప్రేమతో కాదు. పారిపోతే పట్టుకోవడానికి. ఆమె పేరు దక్కడానికి ఆమె అంత మూల్యం ఇచ్చింది. మా ముత్తాత పారిపోతే వెతికేవాడు లేడు, అందుకే రాసేవాడూ లేడు.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. సెలవు దొరికినప్పుడల్లా తార్నాక. ఈ లోపు క్యాంపస్ గురించే నాకు తెలియనివి చాలా తెలిశాయి. ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. ఈ అడిక్‌మెట్ వైపు నేలలు ఒకప్పుడు మహ్ లఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి. ఆమె మౌలాలి గుట్ట కింద తన తల్లికి గోరీ కట్టించింది, చివరికి ఆ పక్కనే తానూ పడుకుంది. మనం చిన్నప్పుడు మౌలాలి గుట్ట ఎక్కడానికి వెళ్ళేవాళ్ళం కానీ ఆ తల్లీకూతుళ్ళ దగ్గర ఆగలేదు.

ఇక అసలు సంగతి. మన స్వర్ణోత్సవాల కోసం కమిటీ బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు బయటికి తీయించింది. సావనీర్‌లో వేయడానికి కొన్ని పేజీలు ఫొటో తీయమని నాకు అప్పజెప్పారు. నా దగ్గర మంచి కెమెరా ఉందని, అంతకు మించి కారణం లేదు. ఒక ఆదివారం స్టాఫ్ రూములో కూర్చుని పేజీలు తిప్పుతున్నాను. మొదట నా పేరు వెతుక్కున్నాను, ఎవరైనా అదే చేస్తారు. ఉంది. తండ్రి వృత్తి దగ్గర "కూలి", పక్కన మా నాయిన వేలిముద్ర. నీలి సిరా. కాసేపు అక్కడే ఆగిపోయాను.

తర్వాత ఇంకా పాత పుస్తకం తీశాను. 1957. మా ఇంటిపేరు కనిపించింది. ఒకటో తరగతి, ఏడేళ్ళ పిల్లవాడు. మా చిన్నాయన! ఆయన ఈ బడిలో చదివాడని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. నేనే మా ఇంట్లో మొదట బడికి వచ్చినవాణ్ణని ఇన్నాళ్ళూ అనుకున్నాను, రెండు మూడు సభల్లో మైకు పట్టుకుని చెప్పాను కూడా. తప్పు. చిన్నాయన మూడో తరగతిలో బడి మానేశాడని అదే వరుసలో రాసి ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

సంరక్షకుడు అన్న కాలమ్‌లో మా తాత పేరు లేదు. వేరే పేరు ఉంది. పక్కన "తాత" అని బ్రాకెట్లో రాశారు. వృత్తి, రాతిపని. స్వస్థలం దగ్గర పాలమూరు జిల్లాలో ఒక ఊరు. వేలిముద్ర.

ఇంటికెళ్ళి అమ్మను అడిగితే ముడి విడిపోయింది. "అవు బిడ్డా, అప్పుడు మీ తాతోళ్ళు సాగర్ పనికి పోయిన్రంట. మీ నాయినను తోలుకపోయిన్రు, చిన్నోన్ని ముసలాయన దగ్గర ఇడిసిపెట్టిన్రంట." నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ పునాది వేశారు. అది రాతి కట్టడం. అంత రాయి పేర్చడానికి వేలమంది చేతులు కావాలి. మా నాయినకు అప్పుడు పన్నెండు పదమూడేళ్ళు ఉంటాయి, పనికొస్తాడు. చిన్నాయన పనికిరాడు. అందుకని ముసలాయన వాణ్ణి చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చాడు. ఆయనకు సంతకం రాదు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, వేలు అద్దాడు. ఎవరో గుమాస్తా, ఎవరో టీచరు శ్రద్ధగా రాసుకున్నారు. వాళ్ళెవరో కనుక్కోలేకపోయాను. రాత చాలా గుండ్రంగా ఉంది.

నాలుగేళ్ళు నేను తార్నాకలో వెతికిన పేరు, నేను పదేళ్ళు కూర్చున్న బడి బీరువాలో ఉంది. ఆ పేరు ఈ వేదిక మీద చెప్పను. ఎందుకో, మా అమ్మ పట్టింపు నాకూ వచ్చింది. మా పిల్లలతో మాత్రం చెప్పించాను, రాయించాను.

ఆ ఊరు వెళ్ళాను. ఊరి చివర పాత రాతి గని ఉంది, నీళ్ళు నిండి మడుగయింది. మా ఇంటిపేరుతో ఇప్పుడక్కడ ఎవరూ లేరు. ఒక ముసలమ్మ మాత్రం "ఆ ఇంటోళ్ళు కరువుల పట్నం పోయిన్రని మా అత్త చెప్పేది" అంది. ఏ కరువో, ఎవరింటివాళ్ళో తెలియదు. వాళ్ళు మావాళ్ళేనని నేను గట్టిగా చెప్పలేను. అలాగే మా ముత్తాత ఆర్ట్స్ కాలేజీకి రాయి కొట్టాడనడానికి ఇవాళ్టికీ నా దగ్గర కాగితం లేదు. తాత మాట ఉంది, బస్తీ మాట ఉంది, 1957లో రాతిపని అన్న వృత్తి ఉంది. నా వృత్తిలో ఇంత ఆధారంతో డిజైన్ మీద సంతకం పెట్టను. ఇంట్లో మాత్రం పెడతాను.

మొన్న పెత్రమాసకు అయ్యగారు మూడో పేరు అడిగారు, చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తర్వాత ఆడవాళ్ళ వరుస వచ్చింది. నానమ్మ దాకా చెప్పి మళ్ళీ ఆగిపోయాను. రిజిస్టరులో ముత్తవ్వ పేరుకు కాలమే లేదు. అమ్మకు తెలియదు. ఆమెను "ముత్తవ్వ" అనే పిలిచి నీళ్ళు వదిలాను. ఆ వెతుకులాట ఇంకా ఉంది. ఆమె పుట్టింటివాళ్ళ బంధువులు సాగర్ దగ్గర స్థిరపడ్డారని విన్నాను, సంక్రాంతి సెలవుల్లో వెళతాను.

చివరిగా ఒక పని మాట. 1960ల నాటి రిజిస్టర్లు రెండింటికి చెమ్మ పట్టింది, కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. వచ్చే రెండు ఆదివారాలు ఫొటోలు తీసే పని పెట్టుకున్నాం. పది మంది కావాలి. ఆ పుస్తకాల్లో కులం కాలమ్ ఉంది, పుట్టుమచ్చలు ఉన్నాయి, ఎవరెందుకు బడి మానేశారో కూడా ఉంది. కాబట్టి దయచేసి ఎవరూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరి పేజీ వాళ్ళ ఇంటివాళ్ళకే ఇస్తాం. పొద్దున పదింటికి స్టాఫ్ రూముకు రండి. చేతులు కడుక్కుని రండి, పెన్నులు బయట వదిలేసి పెన్సిళ్ళు తెచ్చుకోండి. చాయ్ నాది, కానీ అది వరండాలోనే.